పాకాల అడవి పటం: ఏప్రిల్ చిత్రంలో సగం అడవి ఎందుకు కనిపించడం లేదు?

పాకాల_పరిశోధన:
అందరికీ నమస్కారం. పాకాల అభయారణ్యంలో కొన్నేళ్లుగా అడవి ఎంత పలచబడిందో తెలుసుకోవాలని సెంటినల్-2 ఉపగ్రహ చిత్రాలతో పటం తయారుచేస్తున్నాను. 2016 నవంబరు చిత్రాన్నీ, ఈ ఏడాది ఏప్రిల్ చిత్రాన్నీ తీసుకుని ఎన్‌డీవీఐ (ఆకుల పచ్చదనాన్ని కొలిచే సూచిక) లెక్క వేస్తే సగం అడవి పోయినట్టు, పటంలో ఎర్ర మచ్చలుగా వచ్చింది. ఆందోళనతో నర్సంపేట మీదుగా వెళ్లి చూస్తే చెట్లన్నీ నిలబడే ఉన్నాయి. పొరపాటు ఎక్కడ జరిగిందో చెప్పగలరా?

హనుమకొండ_మ్యాపింగ్:
మీ లెక్క సరిగానే ఉంది, పోల్చిన నెలలే కుదరలేదు. పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని సమీప పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది; ఎన్‌డీవీఐ ఆ తేడానే కొలుస్తుంది కనుక, ఆకు రాల్చిన టేకు చెట్టు ఏప్రిల్‌లో దాని లెక్కలోకి రాదు. నవంబరును నవంబరుతోనే పోల్చండి. అప్పటికి మబ్బులు తగ్గుతాయి, అడవిలో ఆకు ఇంకా నిండుగా ఉంటుంది.

అయితే ఏప్రిల్ చిత్రాన్ని పారేయవద్దు. మామిడి, జామాయిల్ తోటలు ఎండాకాలంలోనూ పచ్చగానే ఉంటాయి కాబట్టి, సహజమైన అడవి నుంచి వాటిని విడదీయడానికి అంతకంటే మంచి చిత్రం దొరకదు. భారత అటవీ సర్వే సంస్థ నివేదికల్లో హెక్టారుకు తగ్గని విస్తీర్ణంలో పది శాతం చెట్ల నీడ ఉంటే చాలు, అది ఏ చెట్టయినా, ఎవరి భూమి అయినా అటవీ ఆచ్ఛాదన కిందికే వస్తుంది. తోటలు పెరిగి అసలు అడవి తరిగినా మొత్తం అంకె మారకపోవచ్చు. నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇదే.

తాడ్వాయి_విశ్రాంత_ఉద్యోగి:
మంటల విషయంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. ఇప్పపూవు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చినప్పుడు అది పాకి పెద్దదయితే ఉపగ్రహం పసిగట్టి ఫోనుకు హెచ్చరిక వచ్చేది. ఉపగ్రహంలో మంటల్ని గుర్తించే వీర్స్ అనే పరికరం తీసే చిత్రంలో ఒక్కో గడి (పిక్సెల్) 375 మీటర్లు ఉంటుంది, ఉపగ్రహం మా మీదుగా వెళ్లేది మధ్యాహ్నం ఒకటిన్నర, రాత్రి ఒకటిన్నర ప్రాంతాల్లో. పొద్దున అంటుకుని పదకొండింటికి ఆరిన మంట దానికి తెలియదు. అందుకే ఫైర్ లైన్లు (మంట పాకకుండా అడవిలో ఖాళీగా ఉంచే బాటలు) శుభ్రంగా ఉంచడం, ఇప్ప చెట్ల దగ్గర మనుషులతో మాట్లాడటం మేము ఏనాడూ మానలేదు.

2024 ఆగస్టు 31న సుడిగాలికి తాడ్వాయి, మేడారం మధ్య వేల చెట్లు కూలిపోయాయి. వానాకాలంలో మామూలు చిత్రాలకు మబ్బు అడ్డు. సెంటినల్-1 రాడార్‌కు మబ్బుతో పని లేదు. మీరు అది కూడా నేర్చుకోండి.

కొత్తగూడ_పోడు_రైతు:
మాది మూడెకరాల పోడు. మా నాన్న ఇప్ప, తునికి చెట్లను కొట్టకుండా వాటి మధ్యే జొన్న వేసేవారు. అటవీ హక్కుల చట్టం కింద పట్టాకు పెట్టిన దరఖాస్తు పరిశీలనలో, పాత ఉపగ్రహ చిత్రంలో ఆ చోట అడవే ఉందని అన్నారు. ఇరవై మూడున్నర మీటర్ల గడి ఉన్న చిత్రంలో ఎకరానికి ఏడెనిమిది గడులే పడతాయి, అంచు గడుల్లో చేనూ చెట్టూ కలిసిపోతాయి. ఆ చట్టం గడువుగా పెట్టిన 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నామా లేదా అన్నది ఆ గడులతోనే తేల్చడం న్యాయమా? అటవీ హక్కుల నియమాల 2012 సవరణ ప్రకారం ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చు గాని వాటికి బదులు కాదు. ఊరి పెద్దల మాట కూడా సాక్ష్యమే. మీ పటంలో మా చేను ఎర్రగా కనిపిస్తే, దాన్ని కొత్తగా కొట్టిన అడవిగా రాయవద్దని కోరుతున్నాను.

పాకాల_పరిశోధన:
అందరికీ కృతజ్ఞతలు. రెండూ నవంబరు చిత్రాలే తీసుకుని మళ్లీ లెక్క వేశాను. ఎర్ర మచ్చలు చాలావరకు పోయాయి, కొత్తగూడ వైపు మూడు చోట్ల మాత్రం మిగిలాయి. నేలమీద చూడకుండా వాటికి పేరు పెట్టను. ఆదివారం జీపీఎస్ తీసుకుని వస్తే మీ నాన్నగారు ఆ హద్దులు చూపిస్తారా, అన్నా?

కొత్తగూడ_పోడు_రైతు:
తప్పకుండా రండి. పొద్దున ఏడింటికల్లా చేరండి, ఎండ ముదిరితే నాన్న అంత దూరం నడవలేరు. మచ్చలు ఉన్న చోట్ల పాత పేర్లు ఆయనకు తెలుసు, వాటిని కూడా పటంలో రాసుకోండి.