జన్మతః పౌరసత్వాన్ని ఉత్తర్వుతో మార్చవచ్చునా, రాజ్యాంగ సవరణ కావాలా?

కృష్ణాతీరం: తల్లి హెచ్‌-1బీ వంటి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే, అమెరికాలో పుట్టిన బిడ్డ పౌరుడు కాడని 2025 జనవరి 20న ట్రంప్ ఉత్తర్వు జారీ చేశారు. సియాటిల్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి మూడు రోజులకే దానిని నిలిపివేశారు. పుట్టుకతో పౌరసత్వం ఇచ్చే 1868 నాటి పద్నాలుగో రాజ్యాంగ సవరణను మార్చాలంటే ఉభయ సభల్లో మూడింట రెండు వంతుల మద్దతు, 38 రాష్ట్రాల ఆమోదం ఉండాలి, సంతకం చాలదు.

వరుసలో_ఉన్నవాడు: చైనా తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ పౌరుడేనని అమెరికా సుప్రీంకోర్టు 1898లో ఇచ్చిన తీర్పు, తల్లిదండ్రులకు అక్కడ స్థిరనివాసం ఉన్న బిడ్డ గురించి చెప్పినది. వీసా గడువుతో వచ్చినవారికి స్థిరనివాసం ఎక్కడిది?

కృష్ణాతీరం: ఆ మాట తీర్పులో ఉన్నది గానీ సవరణలో లేదు. అమెరికాలో పుట్టి, ఆ దేశ అధికార పరిధికి లోబడి ఉంటే చాలునని సవరణ అంటుంది. రాయబారుల పిల్లలు ఆ పరిధిలోకి రారు. మనం పన్ను కడుతున్నాం, తప్పు చేస్తే ఇక్కడి కోర్టులే శిక్షిస్తాయి.

వరుసలో_ఉన్నవాడు: నేను స్థిరనివాసం గురించి అడిగితే మీరు పన్నుల గురించి చెబుతున్నారు.

చిరుజల్లు: పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని పరిమితం చేయడానికి ఐర్లాండ్ 2004లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి రాజ్యాంగాన్నే సవరించుకున్నది.

పాతకాపు: మన భారతదేశంలో పౌరసత్వానికి 1987 జులై 1 నుంచి పుట్టుక ఒక్కటే చాలదు. రాజ్యాంగంలోని 11వ అధికరణం ఆ అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది కాబట్టి మామూలు చట్టసవరణతోనే పని జరిగిపోయింది.

వరుసలో_ఉన్నవాడు: స్థిరనివాసం సంగతికి ఇంకా జవాబు రాలేదు.

కృష్ణాతీరం: ఉత్తర్వు వెలువడిన 30 రోజుల తరువాత పుట్టేవారికే అది వర్తిస్తుంది కనుక, డాలస్‌లో ఎప్పుడో పుట్టిన మీ అబ్బాయికి ఏ భయమూ లేదు. మా ఇంట్లో ఆగస్టులో కాన్పు. మీకు ఇది మాటల తగువు మాత్రమే.

వరుసలో_ఉన్నవాడు: మాటల తగువా? వాడి అక్కను తెనాలి నుంచి పదకొండు నెలల పసిగుడ్డుగా తెచ్చుకున్నాం. మా గ్రీన్‌కార్డు దరఖాస్తు 2014 నాటిది, వరుసలో ఇంకా కదలలేదు. దానికిప్పుడు పందొమ్మిదేళ్లు, 21 నిండితే నా వీసా మీద ఇక్కడ ఉండే అర్హత పోతుంది. ఒకే కంచంలో తిన్న ఇద్దరిలో ఒకరు ఈ దేశపు బిడ్డ, ఒకరు కాదు. పుట్టిన చోటును ఇంత పవిత్రంగా చెబుతుంటే నాకు కడుపు మండుతుంది.

కృష్ణాతీరం: మీ అమ్మాయికి జరుగుతున్నది అన్యాయమే, కాదనను. అందుకని పుట్టబోయే నా బిడ్డను కూడా ఆ వరుసలో నిలబెట్టాలా?

వరుసలో_ఉన్నవాడు: నిలబెట్టమని నేను అనలేదు. మీ ఇంటిదాకా వచ్చేవరకు ఆ వరుస మీ కంటికి కనబడలేదని అంటున్నాను.