జుంకాలకు ఏది మేలు: బంగారు పూత వేసిన ఇత్తడా, 925 వెండా?

గిన్నెజుంకా
సంక్రాంతికి ఇంటి ఆడపడుచులకు పెట్టడానికి 30 జతల చిన్న జుంకాలు చేత్తో చేయాలి. ఒక్కో గిన్నెకు 24 మి.మీ. బిళ్ళ, 0.5 మి.మీ. రేకు. గుంటల దిమ్మలో కొట్టి వంచడం, అంచుకు గుండ్ల వరస, పైన కొక్కెం. ఇత్తడితో చేసి బంగారు పూత వేయిద్దామని ఒక మాట, ఖర్చైనా 925 వెండే (వెయ్యి పాళ్ళలో 925 వెండి, మిగతాది ఎక్కువగా రాగి) నయమని ఇంకో మాట. జర్మన్ సిల్వర్ పేరు కూడా వినబడుతోంది. పుచ్చుకునేవాళ్ళలో సగం మంది రోజూ పెట్టుకుంటారు. కారణాలతో చెప్పండి.

బందరు_పూత
ఇత్తడే. లెక్క చూడండి. ఆ బిళ్ళ 925 వెండిలో 2.34 గ్రాములు తూగుతుంది, 70-30 ఇత్తడిలో (70 పాళ్ళు రాగి, 30 జింకు) 1.93. అరవై గిన్నెలకే 140 గ్రాముల వెండి. చదరపు ముక్కలోంచి గుండ్రంగా కోస్తే మూలల్లో 21 శాతం పైనే మిగిలిపోతుంది, కాబట్టి కొనాల్సింది 180 గ్రాముల దాకా. గుండ్లు, కొక్కేలు దీనికి అదనం. చేయి తిరిగేదాకా మొదటి గిన్నెలు ఎలాగూ పాడవుతాయి, అవేవో ఇత్తడివే అయితే నష్టం తక్కువ.

పట్టుచీర మీదకు పసుపురంగు నగే అడుగుతారు. చిలకలపూడి పేరు నిలబడిందే బంగారు పూత నగల మీద. ఇది మనకు తెలియని విద్యేం కాదు.

అతుకుల్లోనూ ఇత్తడిదే సుళువు. 70-30 ఇత్తడి 915 సెల్సియస్ డిగ్రీల దగ్గర గానీ కరగడం మొదలుపెట్టదు. 925 వెండికి 802 చాలు. వెండి పనిలో గట్టి టంకం (అతుకు పెట్టే లోహం, 75 శాతం వెండి ఉండేది) 787 దగ్గర పారుతుంది. ఆ 15 డిగ్రీల తేడాలోనే గుండు అతుక్కోవాలి, గిన్నె కరగకూడదు. కొత్తవాళ్ళకు అది కష్టం.

వెండితీగ
బందరు గారూ, లెక్క సగమే వేశారు. మూలల్లో మిగిలిన 38 గ్రాముల వెండి ఎక్కడికీ పోదు. మూసలో కరిగించి మళ్ళీ రేకు తీసుకోవచ్చు.

ఇక పూత లెక్క. పలచని పూత అంటే 0.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). జత గిన్నెలకు లోపలా బయటా కలిపి 18 చదరపు సెం.మీ. వైశాల్యం, అంటే జతకు పట్టే బంగారం 3.5 మిల్లీగ్రాములు. ముప్పై జతలకూ కలిపి 105 మిల్లీగ్రాములు! 'వన్ గ్రామ్ గోల్డ్' అంటే నగలో గ్రాము బంగారం ఉందని ఇప్పటికీ నమ్మేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు ఈ సంగతి చెప్పి తీరాలి. ఈ పూత మొదట అరిగేది కొక్కెం మీద, చెవి రంధ్రంలో రాసుకునే చోట. చాలాసార్లు దాని కింద నికెల్ పొర ఉంటుంది. నికెల్ పడని చెవికి దురద, ఎరుపు, రసి.

జర్మన్ సిల్వర్ అసలే వద్దు. అందులో వెండి రవ్వంత కూడా ఉండదు. రాగి, జింకు, నికెల్ కలిపింది, నికెల్ దాదాపు ఐదో వంతు.

బందరు_పూత
నికెల్ సంగతి నిజం. అందుకే పూత వేసేవారికి ముందే చెప్పాలి: అడ్డుపొరగా నికెల్ బదులు తెల్ల కంచు (రాగి, తగరం, జింకు కలిసింది) వేసి, దాని మీద 0.5 మైక్రాన్ బంగారం. అడ్డుపొర మానేసి ఇత్తడి మీద నేరుగా వేయించకండి. కింది లోహం మెల్లగా బంగారంలోంచి పైకి పాకి నలుపెక్కిస్తుంది.

పూత పాడవడానికి ఇంకో కారణం ఎవరూ చెప్పరు. అతుకు పెట్టాక శుభ్రం చేసే ఆసిడ్ గుండ్ల సందుల్లో దాక్కుంటుంది. వారం తర్వాత అంచు చుట్టూ పచ్చగా ఊరుతుంది. లీటరు నీళ్ళకు రెండు చెంచాల తినేసోడా వేసి పది నిమిషాలు మరగబెట్టి, మంచినీళ్ళలో జాడించి, పూర్తిగా ఆరాకే పూతకు పంపాలి.

వెండికీ తిప్పలున్నాయి కదా. 925ను నిప్పు మీద పెట్టినప్పుడల్లా లోపలి రాగి మాడి, మెరుగు పెట్టాక బూడిదరంగు మచ్చలు తేలతాయి.

ఆకురాయి
మీరిద్దరూ నగంతా ఒకే లోహం కావాలన్నట్టు వాదిస్తున్నారు. చెవిలో దూరేది కొక్కెం ఒక్కటే. గిన్నె ఇత్తడితో చేసి పూత వేయించండి, కొక్కెం మాత్రం 925 తీగతో పెట్టండి. 0.8 మి.మీ. తీగ మీటరు 5.2 గ్రాములు. కొక్కేనికి 45 మి.మీ. చొప్పున అరవైకి 2.7 మీటర్లు, అంటే 14 గ్రాముల వెండి. దీనికోసం 180 గ్రాములు కొనక్కర్లేదు.

గేజి దగ్గర జాగ్రత్త. మన దుకాణాల్లో ఎస్‌డబ్ల్యూజీ (బ్రిటిష్ తీగ కొలత) లెక్కన 20 గేజి అంటే 0.914 మి.మీ. అమెరికా లెక్కలో అదే 20 గేజి 0.812. వీడియో చూసి '20 గేజి' అడిగితే లావు తీగ చేతికొస్తుంది, చెవిలో బిగుస్తుంది. మి.మీ.లోనే అడగండి. కోసిన కొనను ఆకురాయితో గుండ్రం చేసి, నున్నని ఎమరీ కాగితంతో రుద్దాలి. వంచాక చిన్న సుత్తితో మెల్లగా తడితే గట్టిపడుతుంది. 999 వెండి తీగ వాడొద్దు, మెత్తన, సాగిపోతుంది.

కొక్కేన్ని పూత అయ్యాకే తగిలించండి. ముందే అతికిస్తే పూత తొట్టిలో దానికీ అవే పొరలు పడతాయి, చేసిందంతా వృథా. కొక్కేన్ని గిన్నెకు కలిపే చిన్న ఉంగరాన్ని పక్కకు మెలిపెట్టి తెరవాలి. వెడల్పుగా లాగితే గుండ్రం పోతుంది.

నికెల్ అనుమానం ఉంటే డైమిథైల్ గ్లయాక్సిమ్, అమోనియా చుక్కలు వేసిన దూదితో అరనిమిషం రుద్దండి. దూది గులాబీరంగుకు మారితే నికెల్ వదులుతున్నట్టే.

వెండితీగ
కొక్కెం ఉపాయం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ జతను 'వెండి జుంకాలు' అని చెప్పి ఇవ్వకూడదు. మన ఇళ్ళలో వెండి ఇస్తే అవసరానికి కరిగించుకోవచ్చన్న ధీమా ఉంటుంది. పూత ఇత్తడికి అది లేదు. రోజూ పెట్టుకునేవాళ్ళకు నిండు వెండే ఇవ్వండి. నల్లబడినా తుడిస్తే పోతుంది. అరిగిన పూత తుడిస్తే రాదు.

బందరు గారు చెప్పిన మచ్చలకు మందుంది. స్పిరిట్‌లో బోరిక్ పొడి కలిపి నగను ముంచి, సీసా దూరంగా పెట్టి అంటించండి. మండిపోయాక తెల్లటి పొర మిగులుతుంది, అది గాలిని లోపలికి పోనివ్వదు. మంట అతుకు మీదే పెట్టకుండా నగంతా తిప్పండి. వెండి వేడిని చప్పున లాగేస్తుంది. ఆసిడ్‌లోంచి ఇనుప పట్టకారుతో తీయొద్దు, నగ మీద రాగి ఎర్రగా పేరుకుంటుంది. కాడ్మియం ఉన్న టంకం ఎంత చవకైనా ఇంట్లోకి రానివ్వకండి. ఆ పొగ ఊపిరితిత్తులకు విషం.

హాల్‌మార్క్ వేయించేటట్టయితే టంకం అంటిన ముక్కల్ని కరిగించే వెండిలో కలపొద్దు. 20 గ్రాముల 925లో 65 శాతం వెండి ఉన్న టంకం ఒక్క గ్రాము చేరితే మొత్తం 912కు పడిపోతుంది. 2025 సెప్టెంబరు నుంచి వెండికీ ఆరక్షరాల హెచ్‌యూఐడీ (హాల్‌మార్క్ వేసిన ఒక్కో నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు కోడు) వచ్చింది. అప్పుడు దాన్ని తప్పనిసరి చేయలేదు.

గిన్నెజుంకా
అయితే రోజూ పెట్టుకునే 15 మందికి నిండు వెండి. మిగతా 15 జతలు తెల్ల కంచు మీద 0.5 మైక్రాన్ పూత, 925 కొక్కెం, డబ్బాలో 'ఇత్తడి, బంగారు పూత' అని చీటీ. గిన్నెలు కొట్టడం ముందు ఇత్తడితోనే మొదలుపెడతాం. ఒక పాపకు పోయిన వారమే చెవులు కుట్టించారు. ఆ జతకు వెండి కొక్కెం ఫరవాలేదా?

ఆకురాయి
వద్దండి. పుండు మానేదాకా వెండి పెట్టొద్దు, తడి రసిలో నల్లబడి చర్మంలో మచ్చ ఉండిపోవచ్చు. కుట్టినప్పుడు పెట్టింది 22 క్యారెట్ల బంగారమో, శరీరంలో అమర్చే రకం టైటానియమో అయితే దాన్నే ఉంచండి. జుంకా పెట్టెలో ఉంటుంది. చెవి పూర్తిగా మానాక పెడుదురు.