అప్‌డేట్: శాకాహారి అమ్మతో సుషీ హోటల్‌కి వెళ్ళొచ్చాం

టోక్యో నిషి-కసాయ్‌లో మా ఇంటి పక్క చిన్న సుషీ హోటల్లో, చేప రసం కూడా ముట్టని అమ్మకి ఏం దొరుకుతుందని ఇక్కడ అడిగాను. జవాబులిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పనిచేసిన సలహా: "చేప, మాంసం, చేపతో చేసిన దాషి (వంటల్లో పోసే రసం) వద్దు" అని జపనీస్‌లో రాసిన చీటీ చూపించడం, అదీ రద్దీ లేని వేళ వెళ్ళి. సుషీ చేసే మాస్టారు చీటీ చదివి, కోసే పలక, కత్తి కడిగి మరీ మొదలుపెట్టారు. ఆ మర్యాదకి అమ్మ కరిగిపోయింది. కీరదోస పెట్టే కప్పామాకి, అవకాడో రోల్ హాయిగా తింది. నత్తో (పులియబెట్టిన సోయా గింజలు) మాత్రం ఆ జిగురు చూసి వద్దంది.

అసలు చిక్కు చేప ముక్కల్లో కాదు, దాషిలో ఉంది. ఎండబెట్టిన కత్సుఒ చేప తురుముతో కాచే ఆ రసం మిసో సూప్‌లో, తమాగో (గుడ్డు) అట్టులో, ఇనారి అనే అన్నం ముద్ద మీది తోఫు తొడుగులో, కన్‌ప్యో (ఎండబెట్టిన సొరకాయ పట్టీలు) రోల్‌లో ఉందని ఆయనే చెప్పి పక్కన పెట్టించారు. చూడ్డానికి వీటిలో చేపే కనపడదు!

వసాబి అనే ఘాటైన పచ్చ ముద్ద గురించి ఇక్కడ మనం చేసిన చర్చంతా అక్కర్లేకపోయింది, అది విడిగా ఇచ్చారు. సుషీ అన్నంలో కలిపేది బియ్యం వెనిగర్, పంచదార, ఉప్పేనట. కానీ కొన్ని రెడీమేడ్ సుషీ వెనిగర్లలో చేప రసం ఉంటుంది కాబట్టి మీరు వెళ్ళేచోట అడగండి.