కాఫీ స్టాండ్‌కి ఏ పెయింట్ వేస్తే మన సముద్రపు గాలికి ఆగుద్ది?

డికాషన్_బాబు:
అన్నలూ, చిన్న సాయం కావాలి. మాది వైజాగ్ పెదవాల్తేరు, ఇంట్లోంచి సముద్రం హోరు వినపడుద్ది. అరకు కాఫీ డికాషన్ ఎక్కువ మొత్తంలో తీద్దామని నేనూ మా బావా కలిసి ఇంట్లోనే ఓ స్టాండ్ వెల్డింగ్ చేసుకున్నాం. మూడు మెట్లు, ఒకటిన్నర అంగుళాల ఎంఎస్ (మామూలు ఇనుము) స్క్వేర్ పైపు, పై మెట్టు మీద గ్యాస్ పొయ్యి, దానిమీద 25 లీటర్ల నీళ్ళ డ్రమ్ము, కుళాయి తిప్పితే వేడినీళ్ళు మధ్యలో ఉన్న ఫిల్టర్‌లోకి, అక్కడ్నుంచి డికాషన్ కింద గిన్నెలోకి, పంపు గోలే లేదు. పని బానే చేస్తోంది, ఏడుపంతా పెయింట్‌తోనే. షాపాయన మాట విని రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక కోటు, పైన నల్ల ఎనామిల్ రెండు కోట్లు కొట్టాం. మొదటిరోజు పొయ్యి వెలిగించగానే బర్నర్ చుట్టూ పెయింట్ అప్పడంలా పొంగి లేచిపోయింది, ఇల్లంతా కంపు. రెండు నెలలు తిరక్కుండా కాళ్ళ దగ్గర, జాయింట్ల దగ్గర తుప్పు మొదలు, టైల్స్ మీద ఎర్ర మరకలు. మా ఆవిడ వచ్చినోళ్ళందరికీ చూపిస్తోంది. ఇప్పుడు మొత్తం గీకేసి మళ్ళీ వేద్దామని. పౌడర్ కోటింగా, ఎపాక్సీయా, ఏటి చెయ్యమంటారు?

గాజువాక_గ్రైండర్:
బాబూ, స్టాండ్ మొత్తానికి ఒకటే పెయింట్ అనుకోడమే తప్పు. పై మెట్టు వేరు, కింద రెండు మెట్లు వేరు. బర్నర్ చుట్టూ ఎనామిలూ నిలవదు, ఎపాక్సీ కూడా నిలవదు. అక్కడికి సిలికాన్ హీట్ రెసిస్టెంట్ పెయింట్ అని దొరుకుద్ది, 600 డిగ్రీల వరకూ అని డబ్బా మీదే ఉంటది. కానీ దాని కింద రెడ్ ఆక్సైడ్ వెయ్యకు, నీకు పొంగినట్టే మళ్ళీ పొంగుద్ది. శుభ్రంగా గీకిన ఇనుము మీద నేరుగా పల్చగా రెండు కోట్లు, అంతే. ఆరాక కూడా గోరుతో గీకితే వచ్చేస్తది, కంగారు పడకు, వేడి తగిల్తేనే గట్టిపడుద్ది. డ్రమ్ము పెట్టకుండా బయట మేడ మీద పొయ్యి సిమ్‌లో వెలిగించి మెల్లగా పెంచు, మొదట్లో పొగ వస్తది.

హార్బర్_రంగులోడు:
పై ఆయన చెప్పింది కరెక్టే, కింద సంగతి నేను చెప్తా, ఉప్పుగాలిలో ఇనుముకి రంగేసే పనే మాది. టూ-ప్యాక్ (పెయింటూ, గట్టిపరిచే హార్డ్‌నరూ రెండు డబ్బాల్లో వచ్చేది) ఎపాక్సీ జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ ఒకటి, దానిపైన పీయూ, అంటే పాలీయురెతేన్ పెయింట్. ఎపాక్సీ ఒక్కటే వేసి ఎండలో వదిలేస్తే కొన్నాళ్ళకి సుద్దముక్కలా పొడి రాలుద్ది, అందుకే పీయూ. హార్డ్‌నర్ డబ్బా మీద రాసిన కొలతకే కలపాలి, కలిపింది మర్నాటికి దాచుకుంటే డబ్బాలోనే రాయైపోద్ది. అసలు పని పెయింట్ కాదు తమ్ముడూ, ముందు గీకడం. మాస్క్ పెట్టుకో. జాయింట్ల దగ్గర వెల్డింగ్ చిటపటలు గుండ్రంగా ముత్యాల్లా అంటుకుని ఉంటాయ్ చూడు, వాటిని గ్రైండర్‌తో తీసెయ్యకపోతే వాటి పక్కనుంచే తుప్పు మొదలవుద్ది. వైరు బ్రష్షు, 80 నంబరు ఎమెరీ పేపరు, మంచినీళ్ళతో కడిగి ఉప్పు పోగొట్టి, ఆరబెట్టి, థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆ పూటే ప్రైమర్ పడాలి. రాత్రి వదిలేశావా, మన ఊరి గాలికి తెల్లారేసరికి పసుపు రాసినట్టు అయిపోద్ది.

వీకెండ్_వెల్డర్:
ఇంకోటి, కాళ్ళకింద పైపు నోళ్ళు మూశారా లేదా? నేను బాల్కనీ మొక్కల స్టాండ్‌కి మూయలేదు, కడిగిన నీళ్ళన్నీ లోపలికెళ్ళి, బయట పెయింట్ కొత్త పెళ్ళికొడుకులా ఉండగానే లోపల్నుంచి తినేసి ఒకరోజు కాలు వేలితో నొక్కితే చిల్లు పడింది. పూర్తిగా వెల్డింగ్ పెట్టి మూసెయ్, రబ్బరు బుష్ తొడిగితే నీళ్ళు అందులోనే నిలుస్తాయ్.

డికాషన్_బాబు:
మూయలేదన్నా 😅 మరి పౌడర్ కోటింగ్? జీఐ (జింక్ పూత వేసిన) పైపుతో మళ్ళీ చేసేద్దామని మా బావ ఇంకో పాట.

గాజువాక_గ్రైండర్:
పౌడర్ కోటింగ్ చెడ్డదేం కాదు, 180, 200 డిగ్రీల దగ్గర ఓవెన్లో కాలుస్తారు కాబట్టి నున్నగా గట్టిగా వస్తది, కింద మెట్లకి చేయించుకోవచ్చు. కానీ ఎక్కడైనా పాత్ర తగిలి పెచ్చు లేచిందంటే ఇంట్లో టచప్ కష్టం, తుప్పు దానికింద పాక్కుంటా పోద్ది. ఎపాక్సీ అయితే నువ్వే బ్రష్షుతో అద్దుకుంటావ్. జీఐ మాట ఎత్తకు, వెల్డింగ్ పెట్టిన చోట జింక్ కాలిపోద్ది, ఆ తెల్లపొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం, జాయింట్ మళ్ళీ ఉత్తి ఇనుమే. డబ్బులుంటే పై మెట్టు ఒక్కటి 304 స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేయించి బోల్టులతో బిగించు, దానికి రంగు గొడవే ఉండదు.

డికాషన్_బాబు:
ఆ బోల్టుల ఐడియా బాగుంది. ఆదివారం కాళ్ళు మూసి, గీకుడు మొదలెడతాం. ప్రైమర్ కూడా అదేరోజు అంటున్నారుగా, బావని పొద్దున్నే ఆరింటికి రమ్మన్నా, వస్తాడో లేదో.