కరోనా ఫిల్ముపై ఓరుగల్లు మట్టికోట: కొసల్లో తేడా ఎలా సరిచేయాలి?

ఓరుగల్లు బయటి మట్టి కట్ట ఆనవాళ్లను 1960ల నాటి కరోనా ఫిల్ముపై (జబ్బు కాదు, అమెరికా నిఘా ఉపగ్రహం, చిత్రాలు 1995లో బయటపెట్టారు) గుర్తించి, మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో నేటి మ్యాపుపై కూర్చోబెట్టాలి. అది పనోరమిక్ కెమెరా (పక్కలకు తిరుగుతూ పొడవాటి పట్టీగా, అంటే స్ట్రిప్‌గా, తీసేది). ఫిల్ము నడిమి భాగం సరిపోతోంది గానీ కొసలకు వెళ్లేకొద్దీ ఊళ్లు పక్కకు జరుగుతున్నాయి. ఫస్ట్ ఆర్డర్ పాలినామియల్ (చిత్రం మొత్తాన్ని ఒకే తీరున జరిపి, తిప్పి, సాగదీసే పద్ధతి) చాలదు. థిన్ ప్లేట్ స్ప్లైన్ (చిత్రాన్ని రబ్బరు షీటులా వంచే పద్ధతి) పెడితే పాయింట్ల (ఫిల్ముపైనా మ్యాపుపైనా ఒకటేనని గుర్తుపెట్టిన చోట్ల) దగ్గర అతుక్కుని, మధ్యలో వంకర్లు పోతోంది. తేడా సున్నా అని చూపిస్తుంది కాబట్టి నమ్మడానికీ లేదు. గుడులు, చెరువు తూములు తప్ప మారని గుర్తులు తక్కువ. చదరపు కిలోమీటరుకు ఎన్ని పాయింట్లు పెట్టాలి? స్ట్రిప్‌ను ముక్కలుగా కోసి విడివిడిగా సరిచేయడం మేలా?

ఇంకోటి, కోట కట్టనూ ఎండిన చెరువు కట్టనూ ఎలా వేరు చేస్తున్నారు? యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 బ్యాండ్ 8, 4లతో (సమీప పరారుణ, ఎరుపు కాంతి) ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక) తీస్తే 10 మీటర్ల పిక్సెల్‌లో పూడిన కందకం కలిసిపోతోంది. యాసంగి వరికి నీళ్లు పెట్టాక అసలే తెలియదు. ఏ నెల చిత్రం మేలు?

గుప్తనిధులు, మెటల్ డిటెక్టర్ల సలహాలు వద్దండీ. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాల్సిందే.