1892లో అలెఘనీ క్లబ్ హెఫెల్‌ఫింగర్‌కు ఇచ్చిన 500 డాలర్లు: మోసమా, కాదా?

గట్టుమీది రాజు:
అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్రలో నాకు మింగుడుపడని సంగతి ఇది. పెన్సిల్వేనియాలోని అలెఘనీ అథ్లెటిక్ అసోసియేషన్, పిట్స్‌బర్గ్ అథ్లెటిక్ క్లబ్ రెండూ పైసా తీసుకోకుండా ఆడే అమెచ్యూర్ క్లబ్బులమని చెప్పుకున్నవే. 1892 నవంబర్ 12న పిట్స్‌బర్గ్ మీద ఆటకు అలెఘనీ వాళ్లు యేల్ యూనివర్సిటీ మాజీ ఆటగాడు విలియం హెఫెల్‌ఫింగర్‌ను దించారు. అవతలివాళ్ల చేజారిన బంతి అందుకుని పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని వాళ్ల చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చాడు. 4-0తో గెలిచారు. ఆడినందుకు ఆయనకు 500 డాలర్ల నగదు ఇచ్చినట్టు క్లబ్ లెక్కల్లోనే ఉంది. ఊరికి మాత్రం చెప్పలేదు. ఇది మోసం కాదా?

శాంతి57:
టచ్‌డౌన్‌కు 6 కదా, 4-0 ఎలా?

కూతగాడు:
అప్పట్లో 4 పాయింట్లేనండీ.
రాజు గారూ, అవతలి క్లబ్ సంగతీ చెప్పండి. అదే ఏడాది అక్టోబరులో ఈ రెండు జట్లూ 6-6తో సమంగా ముగించాయి. ఆ రోజు పిట్స్‌బర్గ్ వాళ్లు పెన్ స్టేట్ కాలేజీ జట్టు కెప్టెన్‌ని స్టేయర్ అనే దొంగపేరుతో ఆడించారు. ఇద్దరూ ఇద్దరే.

గట్టుమీది రాజు:
పక్కింటివాడు దొంగతనం చేశాడని నేనూ చేస్తానా?

వేణు_లెక్కలు:
ఆ 500 ప్రయాణ ఖర్చులే అయ్యుండొచ్చుగా.

కూతగాడు:
కాదు, ప్రయాణానికి 25 డాలర్లు విడిగా రాశారు. టికెట్ల మీద 1,683 డాలర్ల 50 సెంట్లు వచ్చాయి. ఖర్చులు పోను క్లబ్‌కు 621 మిగిలింది. జనం ఆయన్ని చూడ్డానికి వస్తే ఆయనకే ఇవ్వకూడదా?

వేణు_లెక్కలు:
రైలు టికెట్ 25 అయినా హోటల్ మాటేమిటి?

గట్టుమీది రాజు:
వేణు గారూ, హోటల్ వదిలేయండి. వారం తర్వాత బెన్ డొనెల్లీ అనే ఇంకో బయటి ఆటగాడికి 250 డాలర్లు ఇచ్చి వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ కాలేజీ మీద ఆడించారు. 8-0తో ఓడిపోయారు. డబ్బిచ్చి తెచ్చినవాడికి ఊరి మీద ప్రేమ ఎక్కడుంటుంది?

కూతగాడు:
పదకొండుమంది ఆడిన ఆట ఓడిపోతే ఒక్కడికి ప్రేమ లేదంటారా? మీరు ఎప్పుడైనా జట్టులో ఆడారా అసలు?

గట్టుమీది రాజు:
ఆడాను కాబట్టే అంటున్నాను. మా ఊరి కబడ్డీ జట్టులో నాలుగేళ్లు ఆడాను. సంక్రాంతి ఫైనల్ రోజు పొద్దున కమిటీవాళ్లు పక్క జిల్లా నుంచి ఇద్దరు రైడర్లను కారులో దించారు. నా జెర్సీ విప్పించి వాళ్లలో ఒకడికి ఇచ్చారు. మా అమ్మ చూడ్డానికి వచ్చింది ఆ రోజు. అలెఘనీవాళ్లు హెఫెల్‌ఫింగర్, డొనెల్లీ, మాలీ అని ముగ్గుర్ని బయటినుంచి తెచ్చారు. అంటే సొంత క్లబ్ కుర్రాళ్లు ముగ్గురు గట్టు మీద కూర్చున్నట్టే. వాళ్ల గురించి ఎవరూ రాయరు.

కూతగాడు:
అన్నా, మీకు జరిగింది అన్యాయమే. నాది ఇంకోరకం. మా ఊరికి ఊరికే ఆడాను. మోకాలి లిగమెంట్ తెగింది. షీల్డు ప్రెసిడెంటు గారింటి అల్మరాలో ఉంది, ఆసుపత్రి బిల్లు మా నాన్న పొలం కౌలు డబ్బుతో కట్టాడు. ‘ఊరి పరువు కోసం ఆడావు, డబ్బులేంటి’ అన్నారు. టికెట్లు అమ్మినప్పుడు ఆ మాట గుర్తుకు రాలేదు. అందుకే హెఫెల్‌ఫింగర్ చెయ్యి చాచి తీసుకున్నాడంటే నాకు తప్పనిపించదు.

గట్టుమీది రాజు:
తీసుకోవడం తప్పని ఇప్పుడు అనను తమ్ముడూ. దాచడం తప్పు. ఎవరు ఆడాలో నలుగురు పెద్దమనుషులు గదిలో కూర్చుని తేల్చడం తప్పు.

కూతగాడు:
చెబితే ఊరుకునేవారా? డబ్బిచ్చి ఆడిస్తోందని 1896లో అమెచ్యూర్ ఆటల సంఘం అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ అలెఘనీ క్లబ్‌ను శాశ్వతంగా వెలివేసింది. అప్పుడు అందరికీ డబ్బిచ్చి బాహాటంగా జట్టు దించారు. రెండే మ్యాచ్‌లు ఆడారు.

గట్టుమీది రాజు:
ఆ రెండు మ్యాచ్‌ల మీద నాకు ఏ పేచీ లేదు. 1892 మీద మాత్రం ఉంది.

శాంతి57:
మోకాలు ఇప్పుడెలా ఉంది తమ్ముడూ?