బాల్ పైథాన్‌కు నాలుగడుగుల పెట్టె నిజంగా అవసరమా?

తెరచాప:
మాది విశాఖలోని లాసన్స్ బే కాలనీ. మా ఇంట్లో మూడున్నర అడుగుల మగ బాల్ పైథాన్ (ఒక చిన్న జాతి కొండచిలువ) ఉంది. విదేశీ జాతి కాబట్టి కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాను, దయచేసి ఆ చర్చ మళ్లీ ఎత్తకండి. ప్రస్తుతం రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంటోంది. పొడవు నాలుగడుగులు, వెడల్పు, ఎత్తు రెండేసి అడుగులు ఉన్న పెట్టె తప్పనిసరి అని ఒకరంటారు. అంత పెద్దదైతే బెదిరిపోయి తిండి మానేస్తుందని ఇంకొకరంటారు. ఎవరి మాట వినాలి?

లంగరు:
డబ్బాలోనే ఉంచండి. ఈ పాము పశ్చిమ ఆఫ్రికాలో పగలంతా చెదపుట్టల్లో, ఎలుక కలుగుల్లో దూరి ఉంటుంది. ఒంటికి నాలుగు వైపులా ఏదో ఒకటి తగులుతుంటేనే దానికి ధైర్యం. మా మిత్రుడు తన పామును పెద్ద గాజు తొట్టెలోకి మార్చాక అది వారాల తరబడి ఎలుకను ముట్టలేదు. తిరిగి డబ్బాలో వేశాకే తిన్నది.

ఎర్రమట్టి:
లంగరు గారూ, ఆ గాజు తొట్టెలో ఏముండేదో కూడా చెప్పండి. నీళ్ల గిన్నె, కింద పరిచిన వార్తాపత్రిక, అంతేనా? అలాంటి బోసి తొట్టెలో ఏ పామైనా బెదురుతుంది. పగలు కలుగులో పడుకుంటుందన్నది నిజమే, కానీ రాత్రి బయటికి వచ్చి తిరుగుతుంది కదా! నైజీరియాలో గమనించినప్పుడు మగవి చెట్లెక్కి పక్షులను కూడా తింటున్నట్టు తేలింది. పాములు ఒళ్లంతా నిటారుగా చాపుకోవడం మామూలేనని 2019లో జీవశాస్త్రవేత్త క్లిఫర్డ్ వార్విక్ బృందం ప్రచురించింది. మూడున్నర అడుగుల పాము రెండున్నర అడుగుల డబ్బాలో ఎలా చాపుకుంటుంది? మూల నుంచి మూలకు కొలిచినా మూడడుగులు రాదు.

డాబాగార్డెన్స్:
అసలు ఇంట్లో పాము ఎందుకండీ? చూడాలనిపిస్తే జూకి వెళ్లవచ్చు కదా.

లంగరు:
అది వేరే చర్చ, డాబాగార్డెన్స్ గారూ.
ఎర్రమట్టి గారూ, చాపుకోవడం సరే. పొడవైన పెట్టెలో ఒక కొస వెచ్చగా, ఒక కొస చల్లగా ఉంటుందని మీవాళ్లు చెబుతారు. మన ఊళ్లో మే నెలలో గదే 34 డిగ్రీలుంటే పెట్టె ఎంత పొడవైతే ఏం లాభం?

ఎర్రమట్టి:
మే నెల మట్టుకు ఒప్పుకుంటాను. అప్పుడు పెట్టెలో వేడికి పెట్టే దీపం ఆర్పేయాలి, ఏసీ గదే దిక్కు. కానీ జనవరి రాత్రుల సంగతి చూడండి. గది 20కి దిగుతుంది. ఒక వైపు 32 దాకా వెచ్చగా, రెండో వైపు 26 దగ్గర ఉండాలి. మీ డబ్బాలో కింద హీటు మ్యాటు పెడితే కాసేపటికి అంతా ఒకటే వేడి, పాముకు తప్పుకునే చోటుండదు. పైగా మన సముద్రపు గాలిలో తేమకు కొదవ లేదు. మూతేసిన డబ్బాలో అది పేరుకుని, అడుగు తడిగా ఉండిపోతే పొట్ట కింది పొలుసులు పుండు పడతాయి. ఆ ఎర్రటి మచ్చలు ఒక్కసారి చూసినవారు డబ్బాను అంత తేలిగ్గా సమర్థించరు.

లంగరు:
చిన్న రంధ్రాలు ఎక్కువ పెడితే తేమ పోతుంది. శుభ్రం చేయడమూ సులువే. నలభై, యాభై పాములను పెంచేవారు చాలామంది డబ్బాలే వాడతారు.

ఎర్రమట్టి:
వారికి అన్ని పాములను చూసుకునే తీరిక లేదు. తెరచాప గారికి ఉన్నది ఒక్కటే.

తెరచాప:
పెద్ద పెట్టెకే మొగ్గుతున్నాను. ఇక్కడ తయారైనది దొరకడం లేదు. కార్పెంటరుతో చేయించవచ్చా?

ఎర్రమట్టి:
నిక్షేపంగా. 8 బై 4 ప్లైవుడ్ షీటు ఒక్కటి సరిపోతుంది. అడుగు, పైకప్పు, వెనుక పలక ఒక్కొక్కటి 4 బై 2, రెండు పక్కలకు 2 బై 2 ముక్కలు రెండు. లెక్క సరిగ్గా 32 చదరపు అడుగులు. రంపపు కోతకు పిసరంత పోతుంది, ముక్కలు ఆ మేరకు తగ్గినా పరవాలేదు. ముందు భాగానికి జారే అద్దాలు, వాటికి షోకేసులకు వేసే చిన్న తాళం తప్పనిసరి, ఈ పాము మూతితో అద్దాన్ని నెట్టేస్తుంది. మన తీరంలో మామూలు ప్లై ఉబ్బుతుంది కాబట్టి మెరైన్ ప్లై తీసుకుని లోపల వార్నిషు రెండు పూతలు వేయించండి, వాసన పూర్తిగా పోయేదాకా పామును దించకండి. రెండు కొసల్లోనూ ఒంటికి అతుక్కునేంత ఇరుకు గూడు ఒక్కొక్కటి, మధ్యలో బెరడు, ప్లాస్టిక్ ఆకులు, ఒక అడ్డ కొమ్మ. లంగరు గారి మిత్రుడి తొట్టెలో లేనివి ఇవే.

లంగరు:
కొమ్మ గట్టిగా బిగించండి, కదిలితే పాము మీద పడుతుంది. తినకపోతే మాత్రం నేను ముందే చెప్పానని గుర్తుంచుకోండి.

ఎర్రమట్టి:
చలికాలంలో మగది తినడం మానేస్తే అప్పుడు కూడా పెట్టె మీదే నెపం వేస్తారా? ఎదిగిన మగవాటికి అది అలవాటే. వారం వారం తూకం చూడండి, బరువు తగ్గకుండా ఉంటే కంగారు పడక్కర్లేదు.